పోర్ట్ టౌన్సెండ్ చెక్క పడవల పండుగకు సియాటెల్ నుంచి పడవలో: దారి, ఆటుపోట్లు, లంగరు

తెరచాప_బాలు

అందరికీ నమస్కారం. ఈసారి సెప్టెంబర్‌లో పోర్ట్ టౌన్సెండ్ చెక్క పడవల పండుగకు కారులో కాకుండా మా పడవలోనే వెళ్దామని ఇంట్లో అనుకున్నాం. మాది 32 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ, సియాటెల్ షిల్‌షోల్ మెరీనాలో (పడవల రేవులో) ఉంటుంది. ఇంజిన్ మీద ఐదున్నర నాట్లు (గంటకు ఐదున్నర నాటికల్ మైళ్ళు) వెళ్తుంది, గాలి బాగుంటే ఆరు. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. ఇప్పటిదాకా బ్లేక్ ఐలాండ్, పోల్స్‌బో, కింగ్‌స్టన్ వైపే తిరిగాం, అడ్మిరాల్టీ ఇన్‌లెట్ లోపలికి వెళ్ళలేదు.

మా ప్లాన్ ఇదీ. శుక్రవారం ఆఫీసు త్వరగా ముగించుకుని నాలుగింటికి బయల్దేరి రాత్రి పదకొండుకల్లా చేరడం, శనివారమంతా పండుగ, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. చార్టు మీద చూస్తే 35 నాటికల్ మైళ్ళకు అటూ ఇటూగా ఉంది. ఇది కుదిరే పనేనా? అక్కడ పడవ ఎక్కడ కట్టుకోవాలి? పిల్లలతో ఎలా ఉంటుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

సాలిష్_సరంగు

బాలు గారూ, తప్పకుండా వెళ్ళండి. పిల్లలకు ఇంతకంటే మంచి వారాంతం దొరకదు. కానీ శుక్రవారం సాయంత్రం బయల్దేరే ఆలోచన మాత్రం మానుకోండి.

మైళ్ళు లెక్క కాదక్కడ, నీళ్ళు లెక్క. షిల్‌షోల్ నుంచి పాయింట్ నో పాయింట్ దాకా ప్రవాహం పెద్దగా ఇబ్బంది పెట్టదు, మీకు అలవాటైన నీళ్ళే. అది దాటాక అడ్మిరాల్టీ ఇన్‌లెట్ మొదలవుతుంది. ప్యూజెట్ సౌండ్ అనే మన సముద్రపు పాయ నీళ్ళన్నీ దాదాపు ఆ ఒక్క దారినే రోజూ లోపలికి వచ్చి బయటికి పోవాలి, దాని వెడల్పేమో మూడు నాలుగు మైళ్ళు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అక్కడ ప్రవాహం నాలుగు నాట్లు దాటుతుంది. మీ పడవ ఐదున్నర వెళ్తుందన్నారు కదా, ఎదురు ప్రవాహంలో పడితే ఒకటిన్నర మిగులుతుంది. ఒడ్డున చెట్టు పక్కనే గంటసేపు నిలబడ్డట్టు ఉంటుంది, లోపల పిల్లలకు వాంతులు, మీకు టెన్షన్.

ఆటు సమయంలో నీరు ఉత్తరానికి, అంటే బయటికి పోతుంది, వెళ్ళేటప్పుడు మీకు కావాల్సింది అదే. కానీ అందులో ఒక మెలిక ఉంది. వేసవి సాయంత్రాల్లో హువాన్ డి ఫూకా జలసంధి నుంచి పడమటి గాలి దూసుకొస్తుంది. బయటికి పోయే నీటికి ఆ గాలి ఎదురు తగిలితే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. పాయింట్ నో పాయింట్ ముందర, ఫౌల్‌వెదర్ బ్లఫ్ ముందర, మారోస్టోన్ పాయింట్ ముందర నీళ్ళు కుతకుతలాడతాయి. అందుకని ఆటు ఉంటే చాలదు, గాలి కూడా తక్కువగా ఉండాలి, అది ఎక్కువగా పొద్దున పూట దొరుకుతుంది. వాతావరణ సూచన చూసేటప్పుడు ప్యూజెట్ సౌండ్‌ది చూసి ఊరుకోవద్దు, అడ్మిరాల్టీ ఇన్‌లెట్‌కు వాళ్ళు విడిగా ఇస్తారు, అది చూడండి.

ఇక చీకటి. పండుగ నాటికి ఏడున్నరకల్లా సూర్యాస్తమయం. మన నీళ్ళలో కొట్టుకొచ్చే దుంగలు రాత్రిపూట కనపడవు, కొన్ని నిటారుగా మునిగి తల మాత్రమే పైకి పెట్టి ఉంటాయి. ఎండ్రకాయల బుట్టల తాళ్ళు ఇంకోవైపు, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే అర్ధరాత్రి ఆ చల్లని నీళ్ళలో ఎవరు దిగుతారు? చిన్న పిల్లలు ఉన్నప్పుడు మొదటిసారి ఆ దారిలో చీకట్లో వెళ్ళొద్దు, ఇది నేను గట్టిగా చెప్తున్నాను.

గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టండి. ఆ సాయంత్రానికి పోర్ట్ లడ్లో చేరి లంగరు వేసుకుని పడుకోండి, అది చుట్టూ కొండలున్న మంచి ఆశ్రయం. శుక్రవారం పొద్దున అక్కడి నుంచి ఓక్ బే మీదుగా పోర్ట్ టౌన్సెండ్ కెనాల్ దాటితే ఊరి అఖాతంలోనే తేలతారు. అడ్మిరాల్టీ ఇన్‌లెట్ బయటి భాగం అసలు తగలదు. లడ్లో నుంచి బయటికి వచ్చేటప్పుడు కోల్వోస్ రాక్స్, ఆ పైన మ్యాట్స్ మ్యాట్స్ ముందర క్లాస్ రాక్ ఉన్నాయి, చార్టు మీద ముందే గుర్తు పెట్టుకోండి, మూల కోసుకుని పోదామని చూడొద్దు.

కిర్క్‌ల్యాండ్_కిట్టు

సరంగు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మేం లేక్ వాషింగ్టన్ నుంచి వస్తాం కాబట్టి మాకు ఇంకో మజిలీ ఉంది, బల్లార్డ్ లాక్స్. 1917 నుంచి నడుస్తున్నాయవి, సరస్సుల నీటిమట్టం సముద్రం కంటే ఇరవై అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, పడవను తొట్టిలో పెట్టి నీళ్ళు వదిలి కిందికి దించుతారు. సెలవుల వారాంతంలో ఒక్కోసారి చాలాసేపు వరస కట్టి ఆగాలి. రెండు వైపులా ఫెండర్లు (పడవ పక్కలకు వేలాడే గాలి దిండ్లు) కట్టుకోండి, చివర కన్ను (ఉచ్చు) వేసిన యాభై అడుగుల తాళ్ళు రెండు సిద్ధంగా పెట్టుకోండి. మాస్ట్ (తెరచాప స్తంభం) ఉన్నవాళ్ళకు ఇంకో మాట, దారిలో లేచే వంతెనలు పనిదినాల్లో ఉదయం సాయంత్రం ట్రాఫిక్ వేళల్లో మన కోసం లేవవు. నాలుగింటికి బయల్దేరితే ఆరు దాకా వంతెన ముందు గిరికీలు కొట్టడమే.

అనకోర్టెస్_అక్క

నేను కొంచెం వేరే మాట చెప్తాను. కెనాల్ మంచిదే కానీ అందరికీ కాదు. దాని మీద వంతెన ఎత్తు 58 అడుగులు, కదలని వంతెన. బాలు తమ్ముడి 32 అడుగుల పడవకు మాస్ట్ అంత ఉండదులే, కానీ ఇది చదివే 45 అడుగుల పడవల వాళ్ళు మాస్ట్ పైన యాంటెన్నాతో సహా కొలుచుకోండి. సన్నటి కాలువ, ప్రవాహం మూడు నాట్ల దాకా పోతుంది, పండుగ ముందు రోజు అందరూ నీరు నిలకడగా ఉండే వేళకే అక్కడికి చేరతారు. నేనైతే మంచి పొద్దు చూసుకుని మారోస్టోన్ పాయింట్ బయటి నుంచే తిరుగుతాను. గాలి లేని ఉదయం ఆటు మీద ఎక్కితే ప్రవాహంతో కలిసి తొమ్మిది నాట్ల వేగం చూపిస్తుంది జీపీఎస్, ఆ దారిలో ఒక పక్క విడ్బీ దీవి మట్టి కొండలు, ఎదురుగా ఒలింపిక్ పర్వతాలు, అంత అందం కెనాల్‌లో లేదు.

మా లాగ ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళకు లెక్క తిరగబడుతుంది. అనకోర్టెస్ నుంచి రొజారియో జలసంధి మీదుగా దిగి విడ్బీ పడమటి ఒడ్డు వెంట వస్తాం, చివర్లో పాయింట్ విల్సన్ మూల తిరగాలి. అక్కడున్న దీపస్తంభం 1914 నాటిది. ఆ మూల దగ్గర ఆటుకూ పడమటి గాలికీ పోరు పడితే పెద్ద పడవలే వెనక్కి తిరుగుతాయి. మేం ఎప్పుడూ పోటు చివరి గంటల మీదే వస్తాం, నీరూ గాలీ రెండూ తూర్పుకే పోతుంటాయి, సముద్రం చదునుగా ఉంటుంది.

పొగమంచు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆగస్టు, సెప్టెంబర్ పొద్దున్నే జలసంధి అంతా మంచు దుప్పటి, ఒక్కోసారి పదకొండు దాకా పోదు. సియాటెల్, టకోమా వెళ్ళే కంటెయినర్ ఓడలన్నీ ఈ ఇన్‌లెట్‌లోంచే ఇరవై నాట్లకు దగ్గరగా వస్తాయి, అవి మన కోసం ఆగలేవు, తిరగలేవు. మంచు ఉంటే ఆగండి, పండుగ మూడు రోజులు ఉంటుంది.

సాలిష్_సరంగు

అక్కా, గాలి లేని ఉదయం అనుభవం ఉన్నవాళ్ళకు బయటి దారి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అనుకున్న గాలి లేని ఉదయం తొమ్మిదికల్లా పదిహేను నాట్ల గాలిగా మారితే మారోస్టోన్ ముందర తిరిగి వెళ్ళడానికి దగ్గర్లో చోటు లేదు. కెనాల్ దారిలో ప్రతి మలుపులోనూ ఆగడానికి ఒక మూల ఉంది. పిల్లలున్న మొదటి ప్రయాణానికి నా ఓటు దానికే. ఓడల గురించి మీరు చెప్పింది చాలా ముఖ్యం. ఇన్‌లెట్ దక్షిణ భాగంలో రేడియో ఛానెల్ 14 మీద ఓడల ట్రాఫిక్ చూసేవాళ్ళ మాటలు వింటూ ఉంటే ఏ ఓడ ఎటు వస్తోందో ముందే తెలుస్తుంది. మనం మాట్లాడనక్కర్లేదు, వినాలి, రెండో రేడియో అత్యవసర పిలుపుల ఛానెల్ 16 మీద పెట్టుకోవాలి.

ఇంకొకటి, కెనాల్ పక్కన ఉన్న ఇండియన్ ఐలాండ్ నేవీ మందుగుండు నిల్వ చేసే చోటు. ఒడ్డుకు దగ్గరగా పోయి ఫోటోలు తీయొద్దు, అక్కడ దిగొద్దు. హుడ్ కెనాల్ (అది వేరే పాయ) నుంచి జలాంతర్గాములు బయటికి వచ్చేది కూడా మన దారిలోనే. కాపలా పడవలతో వస్తాయి, వాటికి వెయ్యి గజాల దూరం ఉండాలి. మిగతా నేవీ నౌకలు 500 గజాల లోపు ఉంటే వేగం బాగా తగ్గించాలి, 100 గజాల లోపలికి పోకూడదు.

తాళ్ళరేవు_అబ్బాయి

దారి గురించి అందరూ చెప్తున్నారు, నేను అక్కడికి చేరాక ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది రెండు గంటలు తిరిగి ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

ఈ పండుగ 1977లో మొదలైంది. ఫైబర్‌గ్లాస్ వచ్చి చెక్క పడవలు మూలన పడుతున్న రోజుల్లో ఆ పని తెలిసినవాళ్ళూ నేర్చుకోవాలనుకున్నవాళ్ళూ ఒకచోట చేరారు. ఇప్పుడు ఏటా లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తరవాతి వారాంతంలో మూడు వందల దాకా పడవలు వస్తాయి. చిన్న తెడ్ల పడవ నుంచి నూరేళ్ళు దాటిన స్కూనర్ (రెండు మూడు మాస్ట్‌ల తెరచాప ఓడ) దాకా. అడ్వెంచరెస్ అనే స్కూనర్ 1913లో కట్టింది, పోర్ట్ టౌన్సెండే దాని ఇల్లు, దాని డెక్కు మీద నిలబడి తలెత్తి ఆ మాస్ట్‌లను చూడండి. రచయిత స్టైన్‌బెక్, జీవశాస్త్రవేత్త రికెట్స్ 1940లో కాలిఫోర్నియా సింధుశాఖకు తీసుకెళ్ళిన వెస్టర్న్ ఫ్లయర్ అనే చేపల పడవ మునిగి, బురద పట్టి, పనికిరాదనుకున్న దశ నుంచి ఈ ఊళ్ళోనే మళ్ళీ ప్రాణం పోసుకుంది.

నేను పెరిగింది తాళ్ళరేవు పక్కన, చెక్క పడవలు కట్టేవాళ్ళ మధ్య. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టడంలో పేరుమోసిన రేవు, 1839 తుఫాను దాన్ని నేలమట్టం చేసింది. ఆ తరవాత కూడా మా వైపు వడ్రంగులు పని వదల్లేదు. పలక వంచడం, సందుల్లో దూది దట్టించి బిగించడం చిన్నప్పుడు గంటలు గంటలు చూసేవాణ్ణి. పోర్ట్ టౌన్సెండ్ బోట్ హేవెన్ యార్డులో మొదటిసారి సుత్తి దెబ్బ, ఆ దూది దట్టించే చప్పుడు వినేసరికి కాళ్ళు కదల్లేదు నాకు. తేడా ఏంటంటే, ఇక్కడ దానికి బడి ఉంది. పక్కనే పోర్ట్ హాడ్‌లాక్‌లో ఉన్న ఆ బడి 1981లో మొదలైంది, చెక్క పడవల నిర్మాణం నేర్పుతారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరతారు. ఓడల వడ్రంగులు సహకార సంఘం పెట్టుకుని సొంతంగా యార్డు పని చేసుకుంటున్నారు. మా తాళ్ళరేవు మేస్త్రీల పిల్లలకు ఇలాంటిది ఒకటి ఉండాలని ఎంత అనిపిస్తుందో చెప్పలేను. అక్కడి చేతిపని వీళ్ళకేమీ తీసిపోదు.

బాలు అన్నా, పిల్లల్ని పనిముట్ల డెమోల దగ్గర కూర్చోబెట్టండి. ఆదివారం మధ్యాహ్నం పడవలన్నీ కలిసి ఊరి ముందు తెరచాపలు ఎత్తి సాగుతాయి, అది చూడకుండా రావొద్దు.

తెరచాప_బాలు

అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడ కూడా చదివింది, గురువారం మధ్యాహ్నం సెలవు ఖాయం. పోర్ట్ లడ్లో, కెనాల్ దారి పట్టుకుంటాం. ఇప్పుడు పడవ ఎక్కడ పెట్టాలో చెప్పండి. పాయింట్ హడ్సన్ మెరీనా పండుగ జరిగే చోటే కదా, అక్కడ చోటు దొరుకుతుందా?

అనకోర్టెస్_అక్క

దొరకదు తమ్ముడూ. ఆ రోజుల్లో పాయింట్ హడ్సన్ లోపల పండుగలో పాల్గొనే చెక్క పడవలకే చోటు. ఊరికి అవతలి చివర బోట్ హేవెన్ ఉంది, పని చేసే రేవు, చేపల పడవలు, పడవల్ని నీళ్ళలోంచి ఎత్తే 300 టన్నుల ట్రావెల్ లిఫ్ట్, చూడటానికి అదే ఒక పండుగ. ముందే ఫోన్ చేసి కనుక్కోండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. చాలామంది ఊరి ముందర లంగరు వేస్తారు.

ఒడ్డుకు దగ్గరగా వరసగా తేలే గుర్తులు ఉంటాయి, వాటికి లోపలివైపు ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి ఉంది, సాల్మన్ పిల్లలకూ ఎండ్రకాయలకూ అదే ఇల్లు. బలవంతపు నిషేధం కాదు, స్వచ్ఛందంగా పాటించమంటారు, దయచేసి పాటించండి, గుర్తులకు బయట వేయండి. లోతుకు కనీసం ఐదింతలు గొలుసు వదలండి. లోతు లెక్కేసేటప్పుడు పోటు ఎత్తు కలపడం మర్చిపోవద్దు, అక్కడ ఎనిమిది అడుగుల పైనే తేడా వస్తుంది.

ఒకసారి మా ముందు వేసిన పడవ ఒకటి రాత్రి ఆగ్నేయం గాలికి లంగరు జారి మా మీదకు వచ్చింది, అందులో మనుషులు ఒడ్డున హోటల్‌లో ఉన్నారు. మా ఆయనా నేనూ ఇద్దరు పొరుగు పడవల వాళ్ళూ కలిసి చిన్న పడవలతో నెట్టుకుంటూ తెల్లవార్లూ కాపలా కాశాం. పడవ వదిలి ఎవరూ ఒడ్డున పడుకోవద్దు, ఇది బతిమాలి చెప్తున్నాను. ఆగ్నేయం గాలి సూచన ఉంటే ఊరి ముందర ఉండనే వద్దు, అఖాతం దక్షిణపు కొసకు, పోర్ట్ హాడ్‌లాక్ వైపు పోండి.

వ్యాంకూవర్_వాణి

మేం కెనడా నుంచి వస్తాం. సరిహద్దు దాటాక ఫ్రైడే హార్బర్‌లోనో రోష్ హార్బర్‌లోనో కస్టమ్స్ ముగించుకునే దిగుతాం, నిద్ర అక్కడే, మర్నాడు పోటు చూసుకుని కిందికి. ఫ్రిజ్‌లో పండ్లు, కూరగాయలు ఏం ఉన్నాయో అడుగుతారు, కరివేపాకు కూడా దాయకుండా చెప్పేయండి.

నాకు పోర్ట్ టౌన్సెండ్ ఊరంటేనే ఇష్టం, పడవలు లేకపోయినా వెళ్తాను. 1851లో పుట్టిన ఊరు. ఒకప్పుడు సౌండ్‌లోకి వచ్చే ప్రతి ఓడా ఇక్కడ ఆగి కస్టమ్స్ కట్టాలి, అందుకే అంత డబ్బు. రైలు వస్తుంది, పడమటి తీరానికే పెద్ద నగరమవుతుంది అని 1880ల్లో నాలుగంతస్తుల ఇటుక భవనాలు కట్టేశారు. రైలు మార్గం అక్కడికి వచ్చి కలవలేదు, 1893 ఆర్థిక సంక్షోభం మీద పడింది, జనం వెళ్ళిపోయారు. కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు కాబట్టే ఆ భవనాలు నిలిచాయి. కొండ మీద 1892 నాటి కోర్టు గడియారపు గోపురం నీళ్ళ మీద నుంచే కనపడుతుంది. వాళ్ళందరికంటే ముందు అక్కడ ఉన్నది స్క్లాలమ్ అనే ఆదివాసీ ప్రజలు. వాళ్ళ నాయకుడు చెట్జెమోకా పేరు మీద పార్కు ఉంది, పండుగ హడావుడి నుంచి పిల్లల్ని కాసేపు అక్కడికి తీసుకెళ్ళండి.

కిర్క్‌ల్యాండ్_కిట్టు

చిన్న చిన్న విషయాలు కొన్ని. నీళ్ళు వేసవిలో కూడా పన్నెండు డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి, పడితే నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి. ఒడ్డుకూ పడవకూ తిరిగే చిన్న పడవలో పిల్లలకు లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి, పెద్దలూ వేసుకోండి, ఆ పది నిమిషాల దారిలోనూ ప్రమాదాలు జరుగుతాయి. టాయిలెట్ ట్యాంకు ముందే ఖాళీ చేసుకోండి, 2018 నుంచి ప్యూజెట్ సౌండ్ అంతటా శుద్ధి చేసింది కూడా నీళ్ళలోకి వదలకూడదు. ఆర్కాలు (కిల్లర్ తిమింగలాలు) కనిపిస్తే దూరం ఉండండి, ఇక్కడే తిరిగే దక్షిణపు గుంపుకు 2025 నుంచి వెయ్యి గజాలు. తిండికి మేం పులిహోర, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు పెట్టుకుంటాం, అల పడ్డప్పుడు స్టవ్ దగ్గర ఎవరినీ నిలబెట్టకూడదు. పిల్లలకు బయల్దేరే ముందు నూనె వస్తువులు పెట్టొద్దు, లోపల కూర్చుని ఫోన్ చూడనివ్వొద్దు, పైకి తెచ్చి దూరంగా ఒడ్డు చూడమనండి.

నీళ్ళంటే_ఇష్టం

ఈ చర్చంతా చదివాను, చాలా బాగుంది. మాకు పడవ లేదు, బోతెల్‌లో ఉంటాం. కారులో వస్తే మీతో ఎవరితోనైనా కాసేపు పడవ ఎక్కే వీలుందా?

తాళ్ళరేవు_అబ్బాయి

ఎందుకుండదు, రండి. అడ్వెంచరెస్ మీద జనాన్ని ఎక్కించుకుని తిప్పుతారు, టికెట్ ముందే తీసుకోండి. కారులో అయితే కింగ్‌స్టన్ ఫెర్రీ కంటే విడ్బీ మీదుగా కూప్‌విల్ ఫెర్రీ పట్టుకోండి, అది అడ్మిరాల్టీ ఇన్‌లెట్‌నే అడ్డంగా దాటుతుంది, ఇక్కడ వీళ్ళు చెప్పిన ప్రవాహం ఎలా ఉంటుందో కళ్ళారా చూస్తారు. దానికి రిజర్వేషన్ తప్పనిసరిగా చేసుకోండి. ఊళ్ళో గదులు ఎప్పుడో అయిపోతాయి, సాయంత్రం తిరిగి వచ్చేసేలా చూసుకోండి. శనివారం పొద్దున నేను బడి వాళ్ళ స్టాల్ దగ్గరే ఉంటాను.

తెరచాప_బాలు

ఇంకో ప్రశ్న, ఇదే ఆఖరు. ఆదివారం మధ్యాహ్నం పడవల ఊరేగింపు చూసి బయల్దేరితే సోమవారం బడికి పిల్లల్ని అందుకోగలమా?

సాలిష్_సరంగు

ఆ రోజు నీటి పట్టిక మీద ఆధారపడి ఉంటుంది బాలు గారూ. ఆదివారం మధ్యాహ్నం నుంచి పోటు ఉంటే నీరు మిమ్మల్ని దక్షిణానికి మోసుకెళ్తుంది, వాయవ్యం గాలి వెనక నుంచి వస్తుంది, చీకటి పడేలోపు కింగ్‌స్టన్ చేరి అక్కడే ఆగిపోవచ్చు, మర్నాడు మిగిలిన దారి గంటన్నర, రెండు గంటలు. ఆ వేళకు ఆటు ఉంటే మాత్రం బయల్దేరొద్దు. అప్పుడు మారోస్టోన్ దీవి లోపల మిస్టరీ బేకి పొండి, మద్య నిషేధం రోజుల్లో దొంగ సారా పడవలు అక్కడే దాక్కునేవి, అంత మరుగు. లోపలికి వెళ్ళే కిలిసుట్ దారి వంకరగా, లోతు తక్కువగా ఉంటుంది, గుర్తుల మధ్యనే నెమ్మదిగా, లోతు సరిపడా ఉన్నప్పుడే వెళ్ళాలి. ఆటు మరీ దిగిపోయి ఉంటే దానికీ పోవద్దు, లంగరు వేసిన చోటే ఇంకో రాత్రి ఉండండి. సోమవారం పిల్లలకు బడి పోతుంది, పోనివ్వండి, టీచర్‌కు ముందే ఒక మెయిల్ పెట్టేయండి.

మేం గురువారం రాత్రి లడ్లోలోనే ఉంటాం, నీలం తెరచాప కవరు, దొరసాని బొమ్మ వేసిన చిన్న పడవ వెనక కట్టి ఉంటుంది. చేరాక ఛానెల్ 68 మీద పిలవండి, శుక్రవారం కెనాల్ దాటే వేళ కలిసి చూసుకుందాం, మీరు మా వెనకే రావచ్చు.